రేకు మీది నంబరు, బోరులోని నిజం

ప్రియమైన తమ్ముళ్ళకు,

"నువ్వు విదేశంలో చదివొచ్చావు కదా, వార్షికోత్సవ సంచికకు నాలుగు మంచి మాటలు రాసి పంపు" అని వార్డెన్ సారు ఫోన్ చేశారు. మంచి మాటలు చెప్పేంత పెద్దవాణ్ణి కాను. నా చేతులతో విప్పి మళ్ళీ కట్టిన ఒక ఇంజన్ గురించి మాత్రం రాయగలను. అది నాకు నేర్పిన పాఠం మీకూ పనికొస్తుందని నా ఆశ.

మన హాస్టల్లో నా నంబరు 43. ట్రంకు పెట్టె మీద తెల్ల పెయింటుతో 43. కంచం అంచున మేకుతో చెక్కిన 43. బడిలో మాత్రం మమ్మల్ని పేరుతోనో నంబరుతోనో కాక "హాస్టలోళ్ళు" అని పిలిచేవారు. అందరికీ ఒకే తానులోంచి కుట్టిన చొక్కాలు కాబట్టి దూరం నుంచే తెలిసిపోయేది. ఆ మాట వినీ వినీ, ఎక్కడికి వెళ్ళినా ముందు హాస్టల్ సంగతి దాచడం అలవాటు చేసుకున్నాను.

8వ తరగతి వేసవి సెలవుల నుంచి ఖమ్మంలో ఒక మోటారు షెడ్డులో పనికి కుదిరాను. అక్కడ ఎక్కువగా వచ్చేవి పాత అంబాసిడర్లు. కిరోసిన్‌లో నట్లు కడగడం, పానాలు అందించడం, టీ తేవడం నా పని. రెండో ఏడు వేసవిలో మేస్త్రీ నా చేత కనెక్టింగ్ రాడ్లు బిగింపించాడు. నేను తొందరపడి 2వ రాడ్డు క్యాపును 3వ దానికి, 3వ దాని క్యాపును 2వ దానికి పెట్టాను. మూడు రోజులకు బేరింగు పట్టేసి బండి తిరిగి షెడ్డుకొచ్చింది. మేస్త్రీ కొట్టలేదు. ఇంజన్ మొత్తం నా చేతే దింపించి, రాడ్డు మీదా క్యాపు మీదా కొట్టిన నంబర్లు చూపించాడు. "రాడ్డు, క్యాపు కలిపి బిగించి బోరు చేస్తార్రా. దేని క్యాపు దానికే. నంబరు సిగ్గు కోసం కాదు, ఎవరి చోటు వాళ్ళకు తెలవడానికి" అన్నాడు. ఆ మాట ఆనాడు ఇంజన్‌కే అనుకున్నాను.

పాలిటెక్నిక్, ఆపైన బి.టెక్. ముగించి, 2017లో పై చదువుకు ఇంగ్లండులోని కోవెంట్రీ వెళ్ళాను. కార్ల తయారీకి పేరున్న ఊరది. చదువుతోపాటు వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు. పాత కార్లు బాగుచేసే ఒక చిన్న వర్క్‌షాపులో సహాయకుడిగా చేరాను. "పని ఎక్కడ నేర్చుకున్నావు?" అని యజమాని అడిగితే "కాలేజీ ల్యాబులో" అన్నాను. షెడ్డు మాట ఎత్తలేదు. ఎత్తితే హాస్టల్ మాట కూడా వస్తుందని భయం. ఏడు వేల కిలోమీటర్లు దాటినా ఆ భయం నా వెంటే వచ్చింది చూడండి!

ఒకరోజు ఒక ఎం.జి.ఏ. కారు వచ్చింది. ఇద్దరు కూర్చునే, పైకప్పు తీసేసుకునే స్పోర్ట్స్ కారు. ఆక్స్‌ఫర్డ్ దగ్గరి ఆబింగ్డన్‌లో 1955 నుంచి 1962 దాకా లక్షకు పైగా తయారు చేశారు. ఎక్కువ భాగం అమెరికాకు పంపారు. ఈ కారు 1960 నాటిది. దీని యజమాని పదవీ విరమణ చేసిన బస్సు డ్రైవరు. దాచుకున్న డబ్బుతో, "పుట్టినప్పటి ఇంజనే ఉంది" అన్న మాట నమ్మి ఎక్కువ ధర పెట్టి కొన్నాడట. పొగ వస్తోందని, నూనె తాగుతోందని ఇంజన్ దించి కట్టమన్నాడు.

ఆ ఇంజన్ బ్లాకు పక్కన రివెట్లతో బిగించిన రేకు ఉంటుంది. దాని మీది మొదటి అక్షరాలే ఇంజన్ జాతకం. 15 అంటే 1489 సీసీ, 16 అంటే 1588 సీసీ. ఆ పక్కన జి అంటే ఎం.జి. కారుకు అని. మా ఇంజన్ రేకు మీద 16 జి అని ఉంది. 1960 కారుకు అది సరైనదే.

హెడ్డు విప్పాక బోరు కొలిచే పని నాకిచ్చారు. డయల్ గేజ్ పెట్టి చూస్తే పైన బాగా అరిగిన చోట 73.40 మిల్లీమీటర్లు, కింద అరగని చోట 73.03. నా గుండె ఝల్లుమంది. ఆ కింది అంకె నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. అది అంబాసిడర్ బోరు!

మీరు 10వ తరగతి లెక్కల్లో స్తూపం ఘనపరిమాణం చేశారు కదా. ఈ లెక్క చేసి చూడండి. బోరు 7.3025 సెంటీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 8.89 సెంటీమీటర్లు. వ్యాసార్ధం వర్గాన్ని పైతో, ఆ దూరంతో గుణిస్తే ఒక సిలిండరు 372 ఘనపు సెంటీమీటర్లు. నాలుగు సిలిండర్లకు 1489. సీసీ అంటే అదే. 1588 సీసీ రావాలంటే బోరు 75.41 ఉండాలి. లోహం అరిగితే బోరు పెరుగుతుంది కానీ తగ్గదు.

అంబాసిడర్ బోరు అక్కడెందుకుంది అంటారేమో. ఆస్టిన్, మోరిస్ కంపెనీలు 1952లో కలిసి బి.ఎం.సి. అయ్యాయి. ఆ కంపెనీ 'బి సిరీస్' అనే ఒకే ఇంజన్‌ను సైజు మార్చి, కార్బురేటర్లు మార్చి కుటుంబం కార్లకూ స్పోర్ట్స్ కార్లకూ వాడింది. 2014 దాకా ఉత్తరపారాలో తయారైన మన అంబాసిడర్ ఆ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సంతతే. కలెక్టరు గారి కారుకూ, ఆ స్పోర్ట్స్ కారుకూ ఇంజన్లు అన్నదమ్ములన్నమాట.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే "నీకెలా తెలుసు?" అంటారు. తెల్లారి వెళ్ళి చెప్పేశాను. యజమాని నన్ను ఎగాదిగా చూసి, "ఎవరో స్లీవ్ వేసి బోరు తగ్గించి ఉండవచ్చు కదా" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. "స్లీవ్ వేస్తే బ్లాకు పైముఖం మీద బోరు చుట్టూ సన్నని గీత కనబడుతుంది. ఇక్కడ లేదు" అన్నాను. అప్పుడే అడిగాడు, ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావని.

ఇక దాచలేదు. షెడ్డు, మేస్త్రీ, నేను తప్పుగా పెట్టిన క్యాపు, సాంఘిక సంక్షేమ హాస్టల్, 43 నంబరు అన్నీ చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. చాకు తీసి బ్లాకు మీది ముదురు ఎరుపు రంగు గీకాడు. కింద ఆకుపచ్చ రంగు బయటపడింది. అది ఆ కంపెనీ కుటుంబం కార్ల ఇంజన్లకు వేసిన రంగు. ఎవరో ఎప్పుడో మరో కారు ఇంజన్ తెచ్చి, రంగు పూసి, ఎం.జి. రేకు తగిలించారు. "నువ్వు కనిపెట్టావు, నువ్వే ఆయనకు చెప్పు" అన్నాడు యజమాని.

ఆ ముసలాయనకు చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగాడు. "ఇది మంచి ఇంజనేనా?" "మంచిదేనండీ. మా దేశంలో దీని అన్నదమ్ములు లక్షల కిలోమీటర్లు తిరిగాయి" అన్నాను. "అయితే కట్టు" అన్నాడు.

కట్టాం. బోరు 40 సైజుకు, అంటే అంగుళంలో వెయ్యింట 40 వంతులు పెద్దది చేయించి కొత్త పిస్టన్లు వేశాం. క్రాంకు రుద్దించి కొత్త బేరింగులు వేశాం. ఇప్పటి పెట్రోలులో సీసం లేదు కాబట్టి పాత వాల్వు సీట్లు త్వరగా అరుగుతాయి. అందుకని గట్టి సీట్లు బిగించాం. క్రాంకు వెనుక రబ్బరు సీలు ఉండదు. మరలాంటి గాడి ఒకటి నూనెను వెనక్కి తోస్తుంది. అంబాసిడర్ నిలబడ్డ చోట నూనె మరక ఎందుకు పడుతుందో నాకు అప్పుడు అర్థమైంది! రాడ్డు క్యాపులు మాత్రం నంబర్లు చూసి ఒకసారి, చేత్తో తడిమి ఒకసారి, బిగించాక మరోసారి సరిచూసుకున్నాను.

చివరికి రంగు వేసే ముందు ముసలాయన్ను అడిగాం. "ఆ రేకు పీకేయండి. ఆకుపచ్చే వేయండి" అన్నాడు. ప్లగ్గులు తీసి, నూనె ప్రెషర్ వచ్చేదాకా స్టార్టరు తిప్పి, తర్వాత ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేశాం. రెండో తిప్పుకే అందుకుంది. కొత్త క్యాము అరగకుండా 20 నిమిషాలు 2000 చుట్ల మీద నడిపాం. ఆ చప్పుడు నాకు ఖమ్మం షెడ్డు చప్పుడులాగే వినిపించింది. కళ్ళు చెమర్చాయి. పొగ అనుకుని యజమాని తలుపు తెరిచాడు.

ఇప్పుడు హైదరాబాదులో విడిభాగాల కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాను. ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు చదువు వివరాల్లో మన హాస్టల్ పేరు కూడా రాశాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా నా బోరు తగ్గదు.

తమ్ముళ్ళూ! మిమ్మల్ని ఎవరైనా "హాస్టలోళ్ళు" అంటే తల దించుకోకండి. ఆ మాట దాచడానికి వేరే రేకు తగిలించుకోకండి. లెక్కలు బాగా చేయండి, చేతిపని నేర్చుకోండి, తప్పు చేస్తే ఇంజన్ మళ్ళీ మీరే దించండి. మీ కంచం మీది నంబరు చెరిపేయకండి. నా 43 ఇప్పుడు ఏ తమ్ముడి దగ్గరుందో, ఆ తమ్ముడికి నా ఆశీస్సులు.

ఇట్లు,
మీ అన్న,
పూర్వ విద్యార్థి, నంబరు 43