ఒప్పుకోలు - తీర్పు

టెలివిజనులోని నేరకథలు మా ఇంట అందరికిని ప్రీతి. 1998లో మొదలైన ‘సి.ఐ.డి.’ ధారావాహికలో దయా తలుపు పగులగొట్టును, నిందితుడు చెంపదెబ్బకు నేరమొప్పుకొనును, కథ ముగియును. “ఒప్పుకున్నాడు గదా, ఇక కోర్టెందుకు భాయ్?” అని తమ్ముడు నన్నడిగెను.

దెబ్బలకు జడిసి నిర్దోషియు ఒప్పుకొనును. అందుకే పోలీసు అధికారితో చెప్పిన ఒప్పుకోలును నిందితునిపై ఋజువుగా గ్రహింపరాదని 1872 నాటి సాక్ష్యచట్టము శాసించినది. 2024 జులైలో దాని స్థానమున వచ్చిన చట్టమును ఆ నియమమును నిలుపుకొన్నది.

2019 డిసెంబరు 6న హైదరాబాదు సమీపమున నలుగురు నిందితులు పోలీసు కాల్పులలో మరణించగా, జనులు పోలీసులపై పూలు చల్లిరి. ఆ కాల్పులు చంపవలెనను ఉద్దేశముతోనే జరిగినవని సుప్రీంకోర్టు నియమించిన విచారణ సంఘము 2022లో నివేదించినది.

గంటలో ముగియు కథలకు అలవడిన కన్నులకు విచారణ జాప్యముగా తోచును. పొరపాటున పట్టుబడినవానికి ఆ జాప్యమే ప్రాణరక్ష.