పిల్లులూ, పిల్లలూ

భూతదయ అనే మాట వినగానే మన అభ్యుదయవాదుల్లో చాలామంది ముఖం చిట్లిస్తారు. అది కడుపు నిండినవాళ్ల కాలక్షేపమనీ, మనిషిని మరిచిపోయే ఉపాయమనీ వాళ్ల అభియోగం. అందులో నిజం లేకపోలేదు. చీమలకు చక్కెర చల్లి, పాలేరుకు కూలి ఎగ్గొట్టే పెద్దమనుషులను మనం చూడలేదా? అయినా తర్లుపాడులో నా అద్దె ఇంటికి ఒక వీధిపిల్లి 3 కూనలతో వచ్చి చేరినప్పటినుంచీ ఈ ప్రశ్నను మరోవైపునుంచి చూడవలసి వస్తోంది.

పిల్లి తన కూనలను ఏడిళ్లు తిప్పుతుందంటారు. లెక్క మాటెలా ఉన్నా, ఆ తిరుగుడులో దానికి కులం పట్టింపు లేదు. కొందరు మనుషులను గడప దాటనివ్వని వంటింట్లోకి అది నిక్షేపంగా పోతుంది. జాషువా 1941లో ‘గబ్బిలం’ రాసింది ఈ వైపరీత్యం మీదనే గదా! గబ్బిలం గుడిలోకి పోగలదు, అరుంధతీసుతుడు పోలేడు. ఆ కవి కన్నుతెరిచిన వినుకొండ మా రైలుదారి మీదనే ఉంది.

ఇక పిల్లల సంగతి. మార్కాపురం పలకల సీమ గనుక, మా వీధి కుర్రాళ్లు కూనల మీద విసిరేది పలకముక్కలు. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలని ఎదురింటి అవ్వ బెదిరించేది. ఆ పాపభీతి ఎవరి చేతినీ ఆపలేదు. పాపానికి జడిసే పెద్దలే కూనలను గోతాంలో మూటగట్టి ఊరవతల వదిలివస్తారు, చంపలేదు గదా! చట్టం కూడా అంతంతమాత్రమే. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో మొదటి నేరానికి జుల్మానా 10 నుంచి 50 రూపాయలు.

నేను ఉపన్యాసమివ్వలేదు (వృత్తిరీత్యా అది కష్టమే). అందరిలోకీ గురి బాగా కుదిరిన కుర్రాణ్ణి పిలిచి, రోజూ పెరుగన్నం పెట్టే పని అప్పగించాను. రెండు రోజులు తల్లిపిల్లి గోడ దిగలేదు.

“ఎందుకు రాదు సార్?”

“నీ చెయ్యి దానికి గుర్తుందిరా.”

మూడోరోజు వాడు గిన్నె అక్కడ పెట్టి, దూరంగా పోయి కూచున్నాడు. ఆ ఉపాయం నేను చెప్పింది కాదు. పిల్లి దిగి తింటుంటే, దానివైపే చూస్తూ మెల్లగా అన్నాడు: “మా నాయన తాగొచ్చినప్పుడు నేనూ అట్టాగే చూస్తుంటా సార్.”

ఈ సీమ పలకల పరిశ్రమలో ఒకప్పుడు చిన్నపిల్లల చేత పని చేయించారు. 1987లో జాతీయ బాలకార్మిక విధానం ప్రకటించాక, తొలి ప్రాజెక్టులు పెట్టవలసి వచ్చిన చోట్లలో మార్కాపురం ఒకటి. ఎక్కడో బడిపిల్లలు అక్షరాలు దిద్దుకోవడానికి ఇక్కడి పిల్లలు పలకలు కోశారన్నమాట. ఆనాటి పిల్లలే ఈనాటి తండ్రులు. వాళ్ల చిన్నతనంలో వాళ్లమీద ఎవరు దయ తలిచారు?

మనుషులకే దిక్కులేదు, పిల్లులకు అన్నమా అని నన్ను నిలదీసిన మిత్రుడితో ఈ మాటే అన్నాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. ఈలోగా కూనల్లో ఒకటి ఆ కుర్రాడి ఇంటికి చేరింది. ఎలుకలు పడుతుందని చెప్పి నాయనను ఒప్పించింది వాళ్లమ్మేనట.