గొట్టంలో వెలుగు

త్రీ నాట్ త్రీ రైఫిల్ బట్ వెనక చిన్న ఇత్తడి మూత ఉంటుంది. తెరిస్తే లోపల నూనె బుడ్డి, గొట్టం తుడిచేందుకు చుట్టచుట్టిన పుల్‌త్రూ తాడు. తుపాకీ తన మందు తన ఒంట్లోనే దాచుకున్నట్టు.

కాల్చాక గొట్టంలో మిగిలేది మసి ఒక్కటే కాదు. పాతకాలపు తూటాల క్యాప్‌ మందు ఉప్పులాంటి పొడిని వదిలేది. అది గాలిలో తేమను పీల్చి ఉక్కును తినేది. ఆ ఉప్పు నూనెకు కరగదు. అందుకే సిపాయిలు ముందు మరిగే నీళ్లు పోసేవారు. ఇనుముకు నీళ్లా అనిపిస్తుంది గానీ, వేడెక్కిన గొట్టం తొందరగా ఆరిపోతుంది.

తర్వాత చిందీ గుడ్డ, ఎన్‌సీసీ పిల్లలకూ తెలిసిన మాట. తుడవడానికి 4 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు; నూనె రాయడానికి వెడల్పు అర అంగుళం తక్కువ. ఛాంబర్ ఖాళీ అని కళ్లతో చూసి, వేలితో తడిమాకే గుడ్డ తొడిగిన తాడు వదలాలి. ఛాంబర్ వైపు నుంచి మూతి దాకా ఒక్క గుంజులో తిన్నగా లాగాలి. వంకరగా లాగితే మూతి అంచు అరిగి గురి చెడుతుంది. నూనె పలచటి పొర చాలు, ఎక్కువైతే దుమ్ము అంటుకుంటుంది.

తోలు ఒర చూడ్డానికి బాగుంటుంది, కానీ తేమను పట్టి ఉంచుతుంది. వానాకాలంలో ఆయుధాలు భద్రపరిచే కోత్‌లోని ర్యాకే నయం. అక్కడ నిలబెట్టేముందు గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తారు. లోపల మెలితిరిగిన చాళ్లు, చివర గుండ్రని ఆకాశం.