బోటు మీద కవర్

గత మే నెలలో నా బద్ధకం వల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. అప్పటి నుంచి బోటు కొన్న ప్రతి స్నేహితుడికీ ఈ సంగతి చెబుతున్నాను.

మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. అంతకు ముందు చలికాలంలో 19 అడుగుల పాత బోటు ఒకటి ట్రెయిలర్‌తో సహా కొన్నాను. దాంతోపాటే కవర్ కూడా ఇచ్చారు. అంచు చుట్టూ దూర్చిన తాడుతో సంచి మూతి బిగించినట్టు బిగించాలి. వాకిట్లో ఆర్నెల్లున్నా బోటులోకి చుక్క నీరు దిగలేదు. ఇంత గట్టిది రోడ్డు మీద మాత్రం ఎందుకు నిలవదనుకున్నాను. తీసి మడిచి పెట్టడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంటకే బద్ధకించాను.

టెక్సాస్, ఓక్లహోమా సరిహద్దులో రెడ్ రివర్‌కు ఆనకట్ట కట్టగా ఏర్పడిన టెక్సోమా సరస్సుకు బయల్దేరాం. 75వ నంబరు హైవే, 70 మైళ్ల వేగం. మెకిన్నీ దాటాక మా ఆవిడ పక్కద్దంలో చూసి, "ఏవండీ, కవర్ పొంగుతోంది, ఆపండి" అంది.

"వచ్చే ఎగ్జిట్‌లో ఆపుతాలే" అన్నాను.

ఎగ్జిట్ రెండు మైళ్లే ఉంది, అంతవరకూ ఆగలేదా కవర్. ముందు నుంచి దూరిన గాలికి ఉబ్బి, విండ్‌షీల్డ్ మూల దగ్గర బర్రున చిరిగింది. సగం గుడ్డ లేచి, వెనక వస్తున్న మోటార్‌సైకిల్ మీదికి పోయింది. దాన్ని నడుపుతున్నాయన చప్పున పక్కకు తప్పించి, రోడ్డంచున బండి నిలబెట్టుకున్నాడు. పరుగెత్తుకెళ్లాను. హెల్మెట్ తీసి నా వంక చూశాడు, ఒక్క మాటా అనలేదు. ఆయన చేతులు వణుకుతున్నాయి.

బోటు కవర్లలో రెండు రకాలున్నాయని ఆ తర్వాత తెలుసుకున్నాను. ఒకటి కదలకుండా ఉన్న బోటును ఎండావానల నుంచి కాపాడేది. నాది అదే. రెండోది రోడ్డు మీద లాగేటప్పటిది. దాని గుడ్డ దళసరి, చుట్టూ పట్టీలుంటాయి, వాటిని ట్రెయిలర్ ఇనుప చట్రానికి బిగించాలి. వేగం 35 నుంచి 70 మైళ్లకు, అంటే రెట్టింపుకు పెరిగితే గాలి తోపు నాలుగు రెట్లవుతుంది. ఒక్క తాడు ఏం ఆపుతుంది? ఊడకపోయినా నష్టమే. వదులు గుడ్డ కొట్టుకున్నంతసేపూ కింద చేరిన దుమ్ము గరుకు కాగితంలా రంగును అరగదీస్తుంది. మా బోటు కుడిపక్క ఇప్పటికీ మెరుపు పోయి తెల్లగా ఉంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది వేరే. మా నాన్న తాడేపల్లిగూడెంలో ధాన్యం లారీ నడిపేవారు. బరకాలు కప్పించేటప్పుడు ముందు బరకం అంచు వెనకదాని మీదికి వచ్చేలా వేయించేవారు, ఎదురుగాలి కిందికి దూరకూడదని. ఊరు దాటి నాలుగైదు కిలోమీటర్లు పోయాక లారీ ఆపి, దిగి, ప్రతి తాడూ లాగి చూసేవారు. సెలవుల్లో క్లీనర్ పక్కన కూర్చుని ఇదంతా చూసినవాణ్ణి నేను.

ఇప్పుడు పట్టీల కవరే వాడుతున్నాను. విండ్‌షీల్డ్ మూలల కింద పాత తువ్వాళ్లు మడిచి పెడతాను. పది మైళ్లు పోయాక ఆపి, పట్టీలన్నీ లాగి చూస్తాను.

మీ కవర్‌కు ట్రెయిలర్‌కు బిగించే పట్టీలు లేకపోతే దయచేసి దాన్ని తీసి, మడిచి, కారులో పెట్టుకుని బయల్దేరండి. బోటులో వదులుగా ఉన్న లైఫ్ జాకెట్లూ సీటు మెత్తలూ కూడా కారులోకి మార్చండి.