మిద్దెకప్పు సంరక్షణము

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు చెప్పిరి. కట్టుటకంటె కట్టిన యింటిని కాపాడుకొనుట కష్టతరమని కొంతకాలము కాపురము చేసిన గృహిణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. గోడల సున్నము, తలుపుల రంగు కంటికి కనబడుచుండును గనుక వానిని మఱవము. తలపైనున్న కప్పు మాత్రము, వాననీరు బొట్టుబొట్టుగ పాన్పుపై పడునంతవఱకు ఎవరికిని జ్ఞప్తికి రాదు. నేడు మన పట్టణములయందును పల్లెలయందును మిద్దెయిండ్లు హెచ్చినవి. వాని కప్పులు కారకుండుటకు సిలికోను పూత యనునది యొకటి అంగళ్లలో విరివిగ దొరకుచున్నది. దానిని గుఱించి సోదరీమణులకు కొన్ని మాటలు విన్నవింపదలచితిమి.

చదునుకప్పు మనకు క్రొత్తది కాదు. రాయలసీమ పల్లెలలో దూలములపై కఱ్ఱలు పఱచి, వానిపై మన్ను వేసి, పైన చౌడుమట్టి చల్లి మట్టిమిద్దెలు కట్టుకొనిరి. చౌడుమట్టి తడిసినప్పుడు బిగిసి నీటిని లోనికి పోనీయదు. వానలకు ముందు దానిని సవరించుకొనుట ఆ యింటివారి పని. పట్టణములలోని కలవారు మద్రాసు మిద్దెలు కట్టించిరి. టేకుదూలములపై పలుచని యిటుకలను నిలువుగ పేర్చి, ఇటుకముక్కలను గానుగసున్నముతో కలిపి పైన పఱచి, కరక్కాయ నానిన నీటిని, బెల్లపునీటిని చల్లుచు దిమ్మిస చేయించెడివారు. స్త్రీలు వరుసగ కూర్చుండి కొయ్యబడితెలతో దినముల తరబడి కొట్టిన కప్పులవి. వానిలో కొన్ని నూఱేండ్లు దాటియు నిలిచియున్నవి.

నేటి కప్పు సిమెంటు కాంక్రీటు పలక. అది బలమైనదే కాని దాని కొక లోపము కలదు. పగటి యెండకు కాగి సాగును. రాత్రి చల్లారి ముడుచుకొనును. ఈ నిత్యపు సాగుడు ముడుగుడులవలన వెండ్రుకవంటి నెఱియలు పుట్టును. వాని వెంట దిగిన నీరు లోపలి యినుపచువ్వలను చేరినచో త్రుప్పు పట్టును. త్రుప్పు ఇనుముకంటె హెచ్చు చోటాక్రమించును గావున కాంక్రీటును లోపలినుండి పగులగొట్టి పెచ్చులుగ రాల్చును. పసిబిడ్డ నిద్రించు ఉయ్యెలపై అట్టి పెచ్చు పడిన నేమగునో తల్లులకు చెప్పవలెనా? కావున కప్పుమీది తడిమఱక యింటి యందమునకు మాత్రమే కాక, ఇంటి యాయువునకును, ఇంటిలోనివారి క్షేమమునకును సంబంధించినది.

ఇక సిలికోను అన నేమి? ఇసుకయందు సిలికాను అను మూలపదార్థము ప్రాణవాయువుతో పెనవేసికొని యుండును. ఆ రెండింటి గొలుసునే వెన్నెముకగ చేసికొని, రబ్బరువలె సాగునట్లు తయారుచేసిన పదార్థమే సిలికోను. ఇంగ్లండునందలి నాటింగుహాములో ఫ్రెడరికు కిప్పింగు అను రసాయన శాస్త్రజ్ఞుడు ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో ఈ జాతి పదార్థములను శోధించి వానికి ఆ పేరు పెట్టెను. అవి వ్యాపారమునకు వచ్చినది మాత్రము 1940 తరువాతనే.

ఎండదేశములకు ఈ పూత యేల తగినదనిన, సూర్యరశ్మి సామాన్యమైన రంగులను క్రమముగ శిథిలము చేయును గాని, ఈ గొలుసును సులభముగ తెంపజాలదు. రెంటచింతలవంటి చోట్ల కాయు యెండకును అది పెళుసెక్కక, కప్పుతోపాటు సాగుచు ముడుచుకొనుచు నుండును. నీటిలో కలిపి వేయు యాక్రిలికు పూతలకు వెల తక్కువ. కాని దినముల తరబడి నీరు నిలిచినచోట అవి నాని, మెత్తబడి, ఊడివచ్చును. సిలికోను నిలిచిన నీటికి చెడదు. పైగా తెల్లని పూత క్రొత్తలో ఎండను నూటికి సుమారు 80 పాళ్లు త్రిప్పి పంపును. ఉత్త సిమెంటు అందులో సగమైనను త్రిప్పదు. పైయంతస్తు వంటయింటిలో వైశాఖమాసపు మధ్యాహ్నము పొయ్యియొద్ద నిలుచు ఇల్లాలికి ఈ భేదము యొక్క విలువ తెలియును. తెలంగాణ ప్రభుత్వము 2023వ సంవత్సరమున చల్లని కప్పుల విధానమును ప్రకటించినది. అహమ్మదాబాదులో మహిళా హౌసింగు ట్రస్టు అను స్త్రీల సంస్థ బీదల యిండ్ల కప్పులకు ఎండను త్రిప్పు తెల్లరంగులు వేయించినది. కప్పును తెలుపు చేయుట వేడుకకు కాదని యిందువలన తేటపడుచున్నది.

అయినను పూత వేసినంతమాత్రమున సర్వము చక్కబడునని భ్రమింపరాదు. పూత కడపటి పని. మొదటి పని వాలు. నూఱు అంగుళముల పొడవునకు ఒక అంగుళమైనను వాలు లేనిచో నీరు తూము చేరదు. వేయి చదరపు అడుగుల మిద్దెపై ఒక్క అంగుళము నీరు నిలిచినను 2,300 లీటర్లకు పైబడును. అంత బరువును కప్పు ఊరక మోయుచుండును. రెండవ పని నెఱియలను పూడ్చుట. ముఖ్యముగ పిట్టగోడ మొదలు, తూముచుట్టు, నీళ్లతొట్టి క్రింద, గొట్టములు కప్పును చీల్చుకొనివచ్చు తావులు చూడవలెను. కాఱుడు తఱచు పుట్టునది అచ్చటనే. మూడవ పని నాచును, దుమ్మును, ఊడుచున్న పాతపూతను గీకి, కడిగి, ఆరనిచ్చుట.

ఆరినదో లేదో తెలిసికొనుటకు గృహిణులే చేయదగిన పరీక్ష యొకటి కలదు. మూరెడు చదరపు పలుచని ప్లాస్టికు కాగితమును కప్పుపై పఱచి, నాలుగంచులను గాలిచొఱకుండ అంటించి, ఒక రాత్రియు మఱునాటి మధ్యాహ్నము వఱకును ఉంచవలెను. విప్పినప్పుడు లోపల చెమ్మ కనబడినచో కప్పింకను తడిగ నున్నదన్నమాట. తడిపై వేసిన పూత క్రింద ఆవిరి చేరి బొబ్బలెత్తి లేచిపోవును. అందుచేత మాఘ ఫాల్గుణ మాసములు ఈ పనికి మిక్కిలి తగినవి. నడివేసవిలో చేయవలసివచ్చినచో మిట్టమధ్యాహ్నమున కాక, ఉదయముననే చేయించుట మేలు. రెండు పూతలు వేయవలెను. మొదటిది ఆరిన పిమ్మట రెండవది అడ్డముగ వేసినయెడల ఖాళీలు మిగులవు. సిలికోనులో నీరు కలుపరాదు. కలిపి పలుచన చేయువానిని నమ్మరాదు.

ఇంతవఱకు చెప్పినది మేస్త్రీలకును తెలిసినదే. వారు తలపనిది వేఱొకటి కలదు. మా పినతల్లిగారి యింట రెండేండ్ల క్రిందట ఒక కంట్రాక్టరు మిద్దెయంతయు సిలికోను పూత వేయించెను. పని చక్కగనే జరిగినది, కాఱుడును నిలిచినది. వేసవి చివర ఆమె మిరపకాయలు ఆరబెట్టియుండగా ఉన్నట్టుండి చినుకులు పడెను. ఆమె పరుగున మెట్లెక్కి చాప నందుకొనబోయి, తడిసిన పూతపై కాలుజాఱి పడి ముంజేతి యెముక విఱుగగొట్టుకొనెను. సిలికోను తడిసినప్పుడు మిక్కిలి జాఱునని కంట్రాక్టరునకు తెలియును. మిద్దెపైకి ఎవరు వత్తురు, ఎందులకు వత్తురు అని మాత్రము అతడు అడుగలేదు. ఇంటి యజమానియైన మా పినతండ్రిగారితోనే బేరము ముగిసెను. ఆయన సంవత్సరమునకు రెండుసార్లు మిద్దె నెక్కిన నెక్కుదురు. ఆమె దినమునకు రెండుసార్లు ఎక్కును.

మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే. మిద్దెకప్పు మగవారికి ఇంటిపై మూత. మనకు అది పనిచేయు చోటు. వడియములు, అప్పడములు పెట్టుటయు, బట్టలు ఆరవేయుటయు, ఊరగాయ కారములకు మిరపకాయలు ఎండబెట్టుటయు, ఉక్కపోత రాత్రులలో పిల్లలను పరుండబెట్టుటయు అచ్చటనే. కావున బేరమునకు ముందు ఇల్లాలు కొన్ని ప్రశ్నలు అడిగి తీరవలెను. మేము నడుచు దారియందు జాఱకుండుటకు పూత పచ్చిగ నున్నప్పుడే గరుకుపలుకులు చల్లుదురా? దుమ్ము పట్టినపుడు దేనితో కడుగవలెను? సిలికోను దుమ్మును పట్టియుంచును. మసక పట్టినకొలది చల్లదనము తగ్గును. ముందు మఱియొక పూత కావలసిన నేమి చేయవలెను? ఇది మిక్కిలి ముఖ్యమైన ప్రశ్న. సిలికోనుపై సిలికోను తప్ప మఱియే రంగును, సిమెంటును అంటుకొనదు. ముందుముందు పైన పలకలు పఱపించుకొనవలెననియో, మఱియొక అంతస్తు వేయవలెననియో తలచువారు ఈ పూతకు పూర్వమే ఆలోచించుకొనవలెను. లేనిచో పిమ్మట గీకించుటకు కూలి వేఱుగ అగును.

నిరంతరము వాడు మిద్దెకు తెల్లపలకలు పఱపించుకొనుట కొందఱికి మేలుగ నుండవచ్చును. ఎవరును ఎక్కని కప్పునకు, నీరు నిలుచు కప్పునకు సిలికోను మిక్కిలి యనుకూలము. రెండును కలిసిన యింట, నడుచుభాగమును గరుకుగను తక్కినది నున్నగను చేయించుకొనవచ్చును. ఇందేది తగినదో మిద్దెను దినదినము వాడునామెకు తెలిసినట్లు వేఱొకరికి తెలియదు.

వెల యెంత అని మగవారు అడుగుదురు గాక, అదియు అడుగవలసినదే. కాని వానవెలిసిన వెంటనే ఏ మూల నీరు నిలుచుచున్నదో, ఏ గోడపై మఱక పెరుగుచున్నదో చూచి ఎఱిగినది మీరు. ఈ యేటి తొలివాన వెలియగనే ఒకమాఱు మిద్దె నెక్కి, నీరు నిలిచినచోట సుద్దతో గీత గీసి యుంచుడు. మేస్త్రీ వచ్చిననాడు ఆ గీతను చూపి మాటలాడుడు.