మరణ ధ్రువపత్రంలో ఒక్క పొడి అక్షరం

ఆప్తుడు పోయిన ఇంట్లో కోర్టు పనుల జాప్యం బతికున్నవారి ఆరోగ్యాన్ని ఎలా దెబ్బతీస్తుందో మా కుటుంబంలోనే చూశాను.

మా అన్నయ్య వీలునామా రాయలేదు. బ్యాంకులో నామినీ పేరూ ఇవ్వలేదు. వీలునామా ఉంటే తెలుగు రాష్ట్రాల్లో ప్రొబేటు సాధారణంగా తప్పనిసరి కాదు. అది లేనప్పుడు మాత్రం, పెద్ద మొత్తాలకు బ్యాంకులు 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్‌ను అడుగుతాయి.

బ్యాంకు ఖాతాలో అన్నయ్య ఇంటిపేరు పూర్తిగా ఉంది. మరణ ధ్రువపత్రంలో పొడి అక్షరంగానే పడింది. దాన్ని రిజిస్ట్రారుచేత సరిచేయించి, కోర్టు నోటీసుల గడువులు ముగిసేసరికి పది నెలలు గడిచాయి. ఈలోగా మా వదినగారు రెండు పూటలా వేసుకోవలసిన మధుమేహ మాత్రను ఒక పూటకు తగ్గించుకున్నారు. ఎవరి ముందూ చేయి చాచడం ఆమెకు ఇష్టం లేదు. “డబ్బు చేతికొచ్చాక కొనుక్కుందామనుకున్నాను, మరిదిగారూ” అన్నారు. అప్పటికే అరికాలి పుండు ముదిరింది.

నామినీ ఉంటే బ్యాంకు సొమ్ము త్వరగా అందుతుంది. దానిపై హక్కు మాత్రం వారసులదే. ఇంట్లో జరిగిన మరణాన్ని 21 రోజుల్లోగా మీరే తెలియజేయాలి. ఆసుపత్రిలో అయితే ఆ బాధ్యత వారిది. కాని పేరు బ్యాంకు పుస్తకంలో ఉన్నట్లే రాశారో లేదో అప్పుడే చూసుకోండి.

భర్తను కోల్పోయిన పెద్దావిడను “ఎలా ఉన్నారు?” అని అడిగి ఊరుకోకండి. ఆమె మందుల డబ్బా తెరిచి చూడండి. కోర్టు తేదీ వాయిదా పడవచ్చు. మాత్ర వాయిదా పడకూడదు.