తప్పు పిస్తోలుదా? వేలిదా?

మన సినిమా హీరోకి గురి నేర్పిన గురువుని ఎప్పుడైనా తెరమీద చూశారా? నేనైతే చూళ్ళేదు. హీరో పెరుగుతాడు, తల్లికి మాటిస్తాడు, తర్వాతి రీల్లో నడుం దగ్గర పిస్తోలు పెట్టుకుని ‘ఢాం’ అంటే అవతల ముగ్గురు పడతారు. గురి వాడికి పుట్టుమచ్చలాంటిది! 1971 నాటి ‘మోసగాళ్లకు మోసగాడు’ 2023లో మళ్ళీ థియేటర్లకి వచ్చినప్పుడు కౌబాయ్ కృష్ణని చూసి ఈల వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఈ వయసులో ఈలేవిటని నవ్వకండి. ముప్పై దాటితే ఈల రాదా ఏం?

ఆ ఈల ఖరీదు తొంభై అయిదు వేల రూపాయలని అప్పుడు తెలీదు.

2024లో పారిస్ ఒలింపిక్స్ అయిన కొత్తల్లో ఒక ఎడిటరుగారు, “సినిమాల్లో తుపాకీ పట్టుకోవడం ఎలా నేర్పుతారో రాసుకు రావయ్యా” అన్నారు. కుదురుగా ఒకచోట ఉద్యోగం లేని విలేఖరిని. ఎవరేం రాయమంటే అది రాస్తాను. హైదరాబాదు శివార్లలో ఉన్న ఒక చిన్న షూటింగ్ రేంజికి వెళ్ళాను. నాలుగు గోడలు, పైన రేకులు, పదడుగులకొక ట్యూబులైటు. అక్కడ కోచ్ సైన్యంలో పనిచేసి వచ్చిన విజయనగరం వైపు పెద్దాయన. అందరూ హవల్దారుగారంటారు. ఆయన నా చేతిలో పిస్తోలు పెట్టి, “రాయడానికి ముందు ఓపాలి పేల్చి చూడు బాబూ” అన్నారు.

అంతే... వ్యాసం అచ్చయింది, మరచిపోయారు. నేను మాత్రం ఆ రేంజి వదల్లేదు!

ఎయిర్ పిస్తోలు ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మీకూ లక్ష్యానికీ మధ్య దూరం పది మీటర్లు. పిస్తోలు ఒంటిచేత్తోనే పట్టాలి. కావాలంటే రెండో చెయ్యి జేబులో పెట్టుకోండి. ఎదురుగా ఉండే నల్లటి గుండ్రం అడ్డంగా ఆరు సెంటీమీటర్లు కూడా ఉండదు. మధ్యలో పది మార్కుల చుక్క పదకొండున్నర మిల్లీమీటర్లు, అంటే మీ చొక్కా గుండీ అంత! గంటంబావులో అరవై సార్లు కాల్చాలి. మొత్తం 600 మార్కులు.

మొదటి నెల నాకు 430 దాకా వచ్చాయి. మూడో నెలకి 488. ఆ తర్వాత మొరాయించిన ఎద్దులా అక్కడే ఆగిపోయింది. 490 దాటదే! రెండు నెలలు చూశాను. మనలో తప్పుందని మనకెలా తోస్తుంది చెప్పండి? తప్పు పిస్తోలుదన్నాను. క్లబ్బువాళ్ళ నాలుగో నంబరు పిస్తోలు అది. పిడి అరిగిపోయింది, రంగు వెలిసింది, ఎందరి చేతి చెమట తాగిందో! దాని ట్రిగ్గరు కరకరలాడుతోందనీ సైటు వంకరగా ఉందనీ వచ్చినవాళ్ళందరికీ చెప్పాను.

అదే నాలుగో నంబరుతో పదమూడేళ్ళ పిల్ల ఒకతె 541 కొట్టేది. ఆ పిల్లకి మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ అంటే ప్రాణం. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఈషా నాలుగు పతకాలు తెచ్చింది చూడండి, ఆ ఫోటో నోటుబుక్కు అట్టమీద అంటించుకుంది. నన్ను ‘అంకుల్’ అంటుంది. అన్నా అనమ్మా అని రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను. మరి అదే పిస్తోలుతో ఆ పిల్లకెలా పడుతున్నాయీ అంటే, దానికీ నా దగ్గర జవాబుంది... చిన్నపిల్ల, అలవాటైపోయింది!

ఈ జబ్బు నా ఒక్కడిదీ కాదు. పిస్తోళ్ళు ఇంటింటా ఉండే అమెరికాలో ఇదో పెద్ద వ్యాపారం. ట్రిగ్గరు మారుస్తారు, స్ప్రింగులు మారుస్తారు, గొట్టం మారుస్తారు, ఎర్రచుక్క సైటు బిగిస్తారు. ఫ్యాక్టరీలోంచి వచ్చిన మంచి పిస్తోలుని కదలకుండా బిగించి కాలిస్తే, పాతిక గజాల దూరంలో తూటాలు సాధారణంగా రెండు నుంచి నాలుగంగుళాల మేరలోనే పడతాయి. అదే పిస్తోలు మనిషి చేతికొస్తే అడుగు మేర చెదురుతాయి. మిగతా అంగుళాలు ఎవరివంటారు? ‘జాన్ విక్’ సినిమాల కోసం కియాను రీవ్స్ కాలిఫోర్నియాలోని సిమీ వ్యాలీలో టారన్ బట్లర్ దగ్గర శిక్షణ తీసుకున్నాడు. ఆ బట్లర్ కంపెనీయే పిస్తోళ్ళకి మెరుగులు దిద్ది అమ్ముతుంది కూడా. అభిమానులు ఎక్కువగా అడిగేది ఆ సినిమాలో వాడిన పిస్తోలు ఏదని. ఆ మనిషి ఆ రేంజిలో ఎన్ని గంటలు నిలబడ్డాడని అడిగేవాళ్ళు తక్కువ. నేనూ మొదటి రకమే.

మోటారు సైకిలు అమ్మేశాను. రెండు చోట్ల నుంచి రావలసిన డబ్బు కాళ్ళావేళ్ళా పడి రాబట్టాను. ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒక షూటరు దగ్గర తొంభై అయిదు వేలకి విదేశీ పిస్తోలు కొన్నాను. వాల్‌నట్ చెక్క పిడి, ముట్టుకుంటే పలికే ట్రిగ్గరు! మొదటిరోజు 503. ఆ రాత్రి అన్నం సయించలేదంటే నమ్మండి.

ఆ ఊపులోనే ఒక పాపం చేశాను.

ఆ పిల్ల తండ్రి ఆటో నడుపుతాడు. సాయంత్రం రేంజి బయట ఆటోలో కూర్చుని బిడ్డ కోసం ఎదురుచూస్తుంటాడు. ఆయనకి నా కొత్త పిస్తోలు చూపించి, “అన్నా, మీ అమ్మాయికి ఇలాంటిదొకటి ఉంటే ఎక్కడికో వెళ్ళిపోతుంది. ఆ డొక్కు పిస్తోలుతో ఎంతకాలం?” అన్నాను. పేపర్లో రాసేవాడు చెప్పాడంటే అబద్ధం ఉండదనుకున్నాడు పాపం. ఎంతవుతుందని అడిగాడు. కొత్తదైతే లక్ష దాటుతుందన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు.

రెండో వారం నా మార్కులు 489. మూడో వారం 484!

ఇదేవిటి సార్ అని హవల్దారుగారి ముందు నిలబడ్డాను. ఆయన తిట్టలేదు. అలమరలోంచి నాలుగో నంబరు పిస్తోలు పెట్టె తీసి, అడుగున ఉన్న చిన్న అట్టముక్క నా చేతిలో పెట్టారు. పోటీ పిస్తోలు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు దాన్ని బిగించి పది మీటర్ల నుంచి పరీక్షగా కాల్చిన అట్ట అది. అయిదు గుళ్ళు... ఒక్కటే చిల్లు! మన పెల్లెట్ నాలుగున్నర మిల్లీమీటర్లు. ఆ చిల్లు దానికంటే ఏ కాస్తో పెద్దది.

“ఇదీ దీని జాతకం. అప్పుడు ఒకే చిల్లేసింది, ఇప్పుడూ ఏస్తాది,” అని నాలుగో నంబరు తీసుకుని అయిదు కాల్చారు. నాలుగు పదులు, ఒక తొమ్మిది. “తొమ్మిది నాది. పిస్తోలుది కాదు,” అన్నారు.

తర్వాత నా పిస్తోలు తీసుకుని, “పెల్లెట్లు నేను పెట్టి ఇస్తాను, నువ్వు పేల్చు” అన్నారు. మూడు పేల్చాను. నాలుగోది పేల్చానో లేదో వెనకనుంచి ఆ పిల్ల కిసుక్కున నవ్వింది... “అంకుల్, పిస్తోలు దండం పెట్టింది!”

ఆయన నాలుగోసారి పెల్లెట్ పెట్టలేదు. నాకు చెప్పలేదు. గుండు పేలుతుందనుకుని, వేలుతోపాటు మణికట్టునీ నొక్కేశాను. గొట్టం మూతి కిందికి వంగింది. ఇన్నాళ్ళూ అది పిస్తోలు అదురు అనుకున్నాను. లోపల గుండే లేకపోతే అదురెక్కడిది? అదిరింది నేను!

హవల్దారుగారు సున్నం గోడమీద పెన్సిల్తో లెక్క వేసి చూపించారు. ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం ముప్పై సెంటీమీటర్ల పైచిలుకు. చెయ్యి మొత్తం ఒక మిల్లీమీటరు పక్కకి జరిగితే గుండు కూడా ఒక మిల్లీమీటరే జరుగుతుంది. ఏం ఫరవాలేదు, పదే. కానీ మణికట్టు వంగి, వెనక సైటు గాడిలో ముందు సైటు ఒక్క మిల్లీమీటరు తప్పిందా... పది మీటర్ల అవతల మూడు సెంటీమీటర్లు! పది కాస్తా ఏడవుతుంది. అందుకే చూపు లక్ష్యం మీద పెట్టకూడదు, ముందు సైటు మీద పెట్టాలి. నల్ల గుండ్రం మసగ్గా కనపడాలి. సినిమాలో హీరో విలన్ కళ్ళలోకి చూస్తూ కాలుస్తాడే, అది వట్టిది.

“ట్రిగ్గరు బరువు అరకిలోకి తగ్గకూడదని రూలు. నీదీ అరకిలోయే, ఆ పాతదీ అరకిలోయే. లక్ష పెట్టి నువ్వేటి కొన్నావు బాబూ?” అన్నారాయన. నా దగ్గర జవాబు లేదు.

ఇక్కడ మీరొకటి అడగొచ్చు... పారిస్‌లో ఆ టర్కీ పెద్దమనిషి కథేమిటని. యూసుఫ్ డికేచ్. 51 ఏళ్ళు. మామూలు కళ్ళజోడు, చెవుల్లో ప్లగ్గులు, ఎడమ చెయ్యి జేబులో. మిక్సెడ్ టీములో షెవ్వాల్ తర్హాన్‌తో కలిసి వెండి పతకం పట్టుకుపోయాడు. అదే పోటీలో మన మను భాకర్, సరబ్‌జోత్ సింగ్‌లకి కంచు వచ్చింది. డికేచ్‌ని చూసి లోకమంతా, ‘ఏ సరంజామా లేకుండా వచ్చి కొట్టాడు’ అని మురిసిపోయింది. అదీ సగం నిజమే. ఆయన చేతిలో ఉన్నది నాటు పిస్తోలు కాదు, అసలైన పోటీ పిస్తోలే. కాకపోతే 2008 బీజింగ్ నుంచి ఒక్క ఒలింపిక్స్ కూడా మానకుండా వస్తున్నాడు. జేబులో పెట్టుకున్న చేతిని అందరూ చూశారు, ఆ పదహారేళ్ళు ఎవరికీ కనపడలేదు.

అలాగని పనిముట్టుని తీసిపారెయ్యకూడదు. మను భాకర్‌కే 2021లో టోక్యోలో పోటీ మధ్యలో పిస్తోలు లీవరు విరిగింది. బాగుచేయించుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలు పోయాయి. 575 దగ్గర ఆగి, రెండు మార్కుల్లో ఫైనల్ తప్పింది. ఏడ్చిందా పిల్ల. పనిముట్టు పాడైతే చంపేస్తుంది... బాగున్నంత మాత్రాన గెలిపించదు. 2023లో పాత గురువు జస్పాల్ రాణా దగ్గరికే తిరిగి వెళ్ళింది. 2024లో రెండు కంచు పతకాలు!

సినిమా తియ్యాల్సిన కథ ఇంకోటుంది. హంగరీ సైనికుడు కారోలీ తకాచ్. 1938లో గ్రెనేడు పేలి కుడిచెయ్యి పోయింది. కాల్చే చెయ్యి అదే! గుట్టుగా ఎడమచేత్తో మొదలుపెట్టి, మరుసటేడు వాళ్ళ దేశంలో ఛాంపియన్ అయ్యాడు. యుద్ధం వల్ల రెండు ఒలింపిక్సులు రద్దయ్యాయి. 1948లో లండన్లో బంగారం, 1952లో హెల్సింకీలో మళ్ళీ బంగారం. నేను పిస్తోలు మార్చాను, ఆయన చెయ్యే మార్చాడు. మన నిర్మాతలు ఎవరైనా వింటున్నారా?

ఇంతకీ నా పాపం సంగతి. ఒకరోజు ఆటో అన్న తనే వచ్చి, “సార్, పిస్తోలుకి పైసలు దొరికినయి. మూడు రూపాయల మిత్తికి ఇస్తనంటున్నడు. మా ఇంటామె పుస్తెలతాడు కుదవ పెడ్తున్నం. మీరు జర వచ్చి మంచిది చూసి ఇప్పించాలె” అన్నాడు.

నా కాళ్ళకింద నేల కదిలింది. నూటికి నెలకి మూడు రూపాయలంటే లక్షకి ఏడాదిలో ముప్పై ఆరు వేలు వడ్డీయే! నేనేమో నా బండి అమ్ముకున్నాను, నా పొగరు నేను తీర్చుకున్నాను. ఈయన భార్య మెడలోది?

వద్దని చెప్పాను. చెప్పడం అంత తేలిక కాలేదు లెండి. “మరి గప్పుడు మీరే అంటిరి గద సార్?” అన్నాడు. ఆయన కళ్ళలో ఇంకోటి కూడా కనపడింది... మా బిడ్డ పైకొస్తే ఓర్వలేవా అన్నట్టు. చెప్పక తప్పలేదు. నా మార్కుల పుస్తకం తెరిచి చూపించాను. పాత పిస్తోలుతో 488, కొత్తదానితో 484. తొంభై అయిదు వేలకి నాలుగు మార్కులు తగ్గించుకున్నానని, మీ బిడ్డ ఆ డొక్కుదానితోనే నాకంటే యాభై పైన ఎక్కువ కొడుతోందని చెప్పాను. ఆయన చాలాసేపు ఆ అంకెల్నే చూశాడు. నవ్వలేదు, కోప్పడలేదు. “గట్లనా” అని ఆటో స్టార్టు చేసుకుని వెళ్ళిపోయాడు. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

తర్వాత హవల్దారుగారే ఆయన్ని కూర్చోబెట్టి చెప్పారు. పిల్లకి సొంత పిస్తోలు ఏదో ఒకరోజు కావాలి, ఇప్పుడు కాదు. ఇప్పుడున్న ఇబ్బంది పిడి. పెద్దవాళ్ళ చేతికి చేసిన పిడి ఆ చిన్న చేతిలో తిరుగుతోంది. ఆదివారంనాడు హార్డ్‌వేరు కొట్లో చెక్కకి పూసే లప్పం కొనుక్కొచ్చి, పిల్ల అరచెయ్యి అచ్చు పడేలా పిడికి అద్ది, ఆరాక గరుకు కాగితంతో రుద్దారు. మూడొందలు కూడా కాలేదు. దాన్ని వేరే పిల్లలు ముట్టకుండా పిడిమీద పెన్సిల్తో పేరు రాసుకుంది. మొన్న 552 కొట్టింది.

నా పిస్తోలు నా దగ్గరే ఉంది. అమ్మడానికి సిగ్గేసింది. రోజూ పొద్దున్న గదిలో తెల్లగోడకి ఎదురుగా నిలబడి, గుండు లేకుండా వందసార్లు ట్రిగ్గరు నొక్కుతున్నాను. గోడమీద లక్ష్యం ఉండదు కాబట్టి కంటికి ముందు సైటు తప్ప వేరే పనుండదు. పక్కవాటా మామ్మగారు కిటికీలోంచి చూసి మా అమ్మకి ఫోను చేసిందట, అబ్బాయికి ఏమైనా బాధలున్నాయా అని!

పోయిన నెలలో 497 వచ్చింది. బండి లేదు కదా, రేంజినుంచి రాత్రిళ్ళు ఆ అన్న ఆటోలోనే ఇంటికి వస్తున్నాను. వెనకసీట్లో పిల్ల నా పక్కనే కూర్చుని, ఆ రోజు నా మణికట్టు ఎన్నిసార్లు దండం పెట్టిందో లెక్క చెబుతుంది. అన్న మాత్రం మీటరుమీద పది రూపాయలు ఎక్కువే తీసుకుంటాడు.